నడి దూలం

హతుసిరి, 2005 ఆగస్టు 3

ఒరేయ్ ఒబెత్,

నీ ఉత్తరం రాలేదు గానీ నీ గురించిన కబురు మాత్రం వచ్చింది. సొంత అక్కకి రెండు ముక్కలు రాయడానికి తీరిక లేని కాబోయే పాస్టరుగారు, సంఘ పెద్దలకి మాత్రం పేజీలకి పేజీలు రాశారట. బాగుంది నాయనా. అమ్మ పోయాక నిన్ను పెంచింది ఆ పెద్దల్లో ఉన్న తెయోఫిల్ మామయ్యే కాబోలు, నేనే మర్చిపోయాను.

ముందు ఊరి సంగతి. క్రైస్తవుల, ముస్లింల గొడవల్లో కాలిపోయిన మన గుడికి ఇన్నేళ్లకి గోడలు లేచాయి. కప్పు లేదు. పోయిన నెల మొదట్లో వైసమాల నుంచి పడవలో ముగ్గురు పెద్దవాళ్లు వచ్చారు. ఆ ఊరివాళ్లు మన రేవులో కాలు పెట్టడం ఆరేళ్లలో ఇదే మొదలు. వాళ్లలో పెద్దాయన హాజీ తాహిర్, గుర్తుందా, నీకు చిన్నప్పుడు ఈత నేర్పిన ముసలాయన. "మీ గుడి నడి దూలం మా అడవిలోంచి వస్తుంది. మేమే మోసుకొచ్చి ఎక్కిస్తాం. మీ తాతలు మా మసీదు స్తంభాలు మోసినప్పుడు ఎవరూ ఎవర్నీ బతిమాలలేదు" అన్నాడు.

మన పెద్దల మొహాలు చూడాల్సింది! తెయోఫిల్ మామయ్య వక్క నమలడమే మానేశాడు. రెండు ఊళ్ల పూర్వీకులు ఒకే గిన్నెలో నెత్తురు కలిపిన సారా తాగి పెలా కట్టుకున్నారు కదా. ఒకరి మీద ఒకరు చెయ్యెత్తకూడదు, ఒకరినొకరు పెళ్లాడకూడదు, తోబుట్టువులం. దీవంతా తగలబడిపోయినప్పుడు కూడా వాళ్లు మన మీదికి రాలేదు, మనం వాళ్ల మీదికి పోలేదు. కానీ ఎవడికి నమ్మకముంది? "ఇప్పుడే ఎందుకు గుర్తొచ్చాం?" అని కొందరు, "దూలంలో ఏం పెట్టి తెస్తారో" అని కొందరు. రెండు రోజులు అరుచుకుని చివరికి ఒకటి తేల్చారు. నవంబరు మొదటి ఆదివారం కప్పులేని గుడిలోనే ఆరాధన. వాక్యం చెప్పేది నువ్వు. ఊరివాడివి, చదువుకున్నవాడివి, నువ్వు చెప్పిన దాన్ని బట్టి దూలం ఎక్కించాలో వెనక్కి పంపాలో ఊరు తేల్చుకుంటుందట. వెనక్కి పంపితే పెలా అక్కడితో సరి, అది నీకూ తెలుసు.

ఇంతకీ నేను విన్నదేమిటంటే, ఆ రోజుకి చదవాల్సిన భాగం నువ్వే అడిగి మరీ పెట్టించుకున్నావట. యెరికో పతనం. యెహోషువ ఊరు చుట్టూ తిరిగి గోడ కూల్చి, మగ ఆడ, ముసలి పసి అనకుండా కత్తికి అప్పగించిన అధ్యాయం. ఇంత పెద్ద బైబిల్లో నీకు ఇంకో పేజీ దొరకలేదా? గొడవలప్పుడు ఆ పేజీ మన గుడుల్లో ఎన్నిసార్లు చదివారో, చదివిన వారమల్లా ఏం జరిగిందో నాకు గుర్తుంది. నీ మనసులో ఏముందో తిన్నగా రాయి.

ఇంకోటి. మన కొబ్బరి తోటలోకి ఎవరో వచ్చారు. నాలుగు బొండాలు కొట్టుకుని తాగి, ఖాళీ డొక్కలు అక్కడే వరసగా పెట్టి పోయారు. ఎవరో తెలీదు.

కోడి పొదిగింది. పిల్లలు తొమ్మిది.

నీ అక్క,
యోసీనా


సేరాం, 2005 ఆగస్టు 19

అక్కా,

తిట్లన్నీ అందాయి. తొమ్మిది కోడిపిల్లలు కూడా అందాయి.

ఇక్కడ నా పరిస్థితి నీకేం తెలుసు? మూడు ఊళ్లకి ఒక్కణ్ణి. నది దాటితే గానీ రెండో ఊరు రాదు, దాటితే బట్టలు ఆరవు. ప్రతి ఇంట్లో పాపెడా, అదే ఆ సగ్గు జావ, వడ్డిస్తారు, వద్దంటే కోపం, తింటే నిద్ర.

అవును, ఆ అధ్యాయం నేనే అడిగాను. దాన్ని దాచిపెట్టి ఎన్నాళ్లు బతుకుతాం? పాస్టరు బళ్లో మా పంతుళ్లు మూడు రకాలుగా చెప్పారు. ఒకాయన, దేవుడు పాపానికి వేసిన శిక్ష అది, ఆ ఒక్క కాలానికే, మళ్లీ ఎవరూ చెయ్యడానికి వీల్లేదు అన్నాడు. ఇంకొకాయన, ఆ కాలపు రాజులందరూ గెలుపు గురించి అలాగే కోతలు కోసేవాళ్లు, "అందర్నీ చంపాం" అని రాసిన పక్క పుస్తకంలోనే ఆ చచ్చినవాళ్లు మళ్లీ బతికి తిరుగుతుంటారు, చూసుకోండి అన్నాడు. మూడో ఆయన, క్రీస్తు వచ్చాక ఆ కత్తి మన మనసులోని పాపం మీదే దూయాలి అన్నాడు. మూడూ రాసి పరీక్ష పాసయ్యాను.

నేను చెప్పాలనుకున్నది వేరు. యెరికో తరవాత గిబియోనువాళ్ల కథ ఉంది. పక్కనే ఉన్న ఊరివాళ్లు, బూజు పట్టిన రొట్టెలు పట్టుకుని, అతుకుల చెప్పులు వేసుకుని, ఎక్కడో దూరం నుంచి వచ్చినట్టు నటించి యెహోషువతో ఒడంబడిక చేయించుకున్నారు. యెహోషువవాళ్లు దేవుణ్ణి అడక్కుండా నమ్మేసి మోసపోయారు. వైసమాలవాళ్లు కూడా తమలపాకు పళ్లెంతో వచ్చారు. ఆరేళ్లు నోరు మెదపనివాళ్లు ఇప్పుడు దూలం మోస్తామంటే నాకు వాసన వేరేగా వస్తోంది.

తోటలోకి వచ్చినవాళ్లెవరు? ఎంతమంది? ఇంటివైపు చూశారా? యెరికోకి కూడా ముందు ఇద్దరు వేగులవాళ్లే వెళ్లారు.

వైసమాలవాళ్లు నా గురించి ఏమైనా అడిగారా? అడిగితే ఎవరు, ఏమని అడిగారు, మాట పొల్లుపోకుండా రాయి. నేను ఏ పడవలో వస్తానో ఎవరికీ చెప్పకు.

నీ తమ్ముడు,
ఒబెత్


హతుసిరి, 2005 సెప్టెంబరు 2

అయ్యగారికి,

నీ ఉత్తరం చదివి ఒళ్లు మండింది. కోడిపిల్లల్ని కూడా అదిలించాను, వాటి తప్పేముంది పాపం.

బూజు పట్టిన రొట్టె దగ్గర ఆగిపోయావేం రా? మిగతా పేజీ ఎలుకలు కొరికాయా? మన ఆదివారం బడి పిల్లలకి నేనే ఆ పుస్తకం మొదటినుంచీ చదివించాను, నీ పుణ్యమా అని. మోసం బయటపడ్డాక జనమంతా "చంపుదాం" అంటే, పెద్దలు "మాటిచ్చాం, ముట్టుకోవడానికి లేదు" అన్నారు. తరవాత గిబియోను మీదికి శత్రువులు దండెత్తితే యెహోషువ తనే సైన్యంతో వెళ్లి కాపాడాడు. మోసంతో కట్టించుకున్న ఒడంబడికనే అంతలా నిలబెట్టుకుంటే, మన తాతలు నెత్తురు కలుపుకుని తాగినదాన్ని ఏం చెయ్యాలి? పదకొండేళ్ల పిల్ల లేచి ఈ ప్రశ్న అడిగింది. నువ్వు బళ్లో నాలుగేళ్లు చదివావు.

యెరికోకి ముందు పేజీలో ఇంకోటి కూడా ఉంది. కత్తి దూసి ఒకడు ఎదురుగా నిలబడితే యెహోషువ "నువ్వు మావాడివా, మా శత్రువుల వాడివా?" అని అడుగుతాడు. వాడు "కాదు" అంటాడు. ఏది కాదు? రెండూ కాదు! దేవుడి సేనాపతి, నీ పక్షమూ కాదు వాళ్ల పక్షమూ కాదు, ముందు చెప్పులు విప్పు అన్నాడు. గొడవల రెండేళ్లూ మన గుడిలో ఒక్కరైనా ఈ ముక్క చదివి వినిపించారా?

తోట సంగతి తేలింది. వచ్చింది వైసమాల కుర్రాళ్లే, దూలానికి కొలత చూసుకుని పోతూ ఆగారు. నేను హాజీ తాహిర్‌తో, "అడిగుంటే నేనే కొట్టించి ఇచ్చేదాన్ని కదా" అన్నాను. ముసలాయన నా మొహంకేసి చూసి, "అడిగితే మేం పరాయివాళ్లం అయిపోమూ?" అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను. పెలా వాడు పెలా వాడి తోటలో ఆకలేసినప్పుడు కోసుకోవచ్చని అమ్మ మనకి ఉగ్గుపాలతో నేర్పలేదూ? ఆరేళ్లలో నేనూ మర్చిపోయాను, నువ్వైతే వేగులవాళ్లని చేసేశావు.

నీ గురించి అడిగారా అంటావా? అడిగారు. అదే ముసలాయన, "గుడిలో శంఖం ఊదేవాడు, మీ తమ్ముడు, వస్తాడా?" అన్నాడు. వస్తాడని చెప్పాను. అంతే. దానికింత గుసగుసలెందుకు? ఏ పడవలో వస్తావో చెప్పకూడదట! రేవులో ఇప్పటికీ గొడవల రోజుల ప్రసంగాల క్యాసెట్లు అమ్ముతారే, వాళ్లతో నీకు మళ్లీ స్నేహం కలిసిందేమోనని నాకు భయంగా ఉంది. అది అబద్ధమని రాయి.

యోసీనా


సేరాం, 2005 సెప్టెంబరు 12

అక్కా,

నాకు జ్వరం. మలేరియా అంటున్నారు. నవంబరుకి నేను రాలేను. పెద్దలతో చెప్పి ఇంకెవరినైనా చూసుకోమను.

ఒక్క మాట విను. ఆ ఆదివారం నువ్వు గుడికి వెళ్లకు. దూలం ఎక్కించేచోట నిలబడకు. తాన అత్త ఇంటికి వెళ్లిపో, సాయంత్రం దాకా అక్కడే ఉండు. ఎందుకని అడక్కు.

ఒబెత్


హతుసిరి, 2005 సెప్టెంబరు 25

ఒబెత్,

నీ ఉత్తరం తీసుకెళ్లి ఊరి పెత్తనం చూసే రాజుగారికి చూపించాను. నన్నేం చెయ్యమంటావు చెప్పు. "గుడికి వెళ్లకు, ఎందుకని అడక్కు" అని పాస్టరు కాబోయేవాడు రాస్తే, ఐదేళ్ల కిందట ఇదే ఊళ్లో మంటల మధ్యనుంచి పరిగెత్తిన ఆడది ఏమనుకోవాలి? ఆ రోజు ఏదో జరగబోతోందని, అది నీకెవరో చెప్పారని అనుకున్నాను. రాజుగారూ అలాగే అనుకున్నారు. చదివి మడిచి, "ఎవరికీ చెప్పకు" అన్నారు. సాయంత్రానికల్లా చేపలమ్మేచోట కూడా అదే మాట.

మొన్న గురువారం వైసమాల పడవ వచ్చింది. గోడల మీద దూలం కూర్చునే చోటు కొలుచుకోవడానికి ఎనిమిది మంది. ముందు హాజీ తాహిర్. మన కుర్రాళ్లు రేవులో కత్తులతో నిలబడ్డారు. తెయోఫిల్ మామయ్య పడవలో చెయ్యి పెట్టి గోనెలన్నీ తిప్పి తిప్పి చూశాడు. సగ్గు రొట్టెలు తప్ప ఏమీ లేవు. ముసలాయన కొలతతాడు చుట్టుకుని పడవెక్కి కూర్చున్నాడు. నేను రేవులోనే ఉన్నాను. నన్ను చూశాడు. ఆ చూపు తట్టుకోలేక తలొంచుకున్నాను.

నీకేం తెలుసో చెప్పు. ఎవరు ఏం చెయ్యబోతున్నారు? నిజంగా ప్రమాదముంటే చెప్పు, కాచుకుంటాం. లేకపోతే నీ మూలంగా నేను ఒక పెద్దమనిషి సంచి వెతికించానురా. నీకు జ్వరం లేదని కూడా నాకు తెలుసు. జ్వరమొస్తే నీ అక్షరాలు కిందికి జారతాయి, ఈ ఉత్తరంలో గీత గీసినట్టున్నాయి.

అక్క


సేరాం, 2005 అక్టోబరు 4

అక్కా,

జ్వరం లేదు. ఎవరూ నాకేమీ చెప్పలేదు. ప్రమాదం కూడా నాకు తెలిసి ఏమీ లేదు. ఉన్నదల్లా నేను చేసింది. ఇది చదివాక పొయ్యిలో పెట్టెయ్యి, లేదా రాజుగారికి ఇచ్చెయ్యి, నీ ఇష్టం.

2000లో తెల్లరాయి కొన దగ్గర బయటి నుంచి వచ్చిన ముస్లింల ఇళ్లు పది ఉండేవి, గుర్తుందిగా. మన గుడి కాలిన మూడో వారం. పట్నం నుంచి ఒక బోధకుడు వచ్చి, ఇదే మీ యెరికో అన్నాడు. ఆరు పడవల్లో వెళ్లాం. కొన చుట్టూ ఏడుసార్లు తిరిగాం, నవ్వకు, నిజంగా ఏడుసార్లు లెక్కపెట్టుకున్నాం. శంఖం నా చేతిలో ఉంది. ఆదివారం గుడిలో పిల్లనగ్రోవులతో కలిపి ఊదే శంఖమే. నేను ఊదాను, వాళ్లు దిగారు. నేను కత్తి పట్టుకోలేదు. చాలాకాలం ఆ ఒక్క మాట పట్టుకునే బతికాను.

చివరి ఇంట్లోంచి ఒకడు బయటికొచ్చాడు. నా వయసువాడే. నాకు తెలుసు వాడు. వైసమాల ఇద్రిస్. చేపలు అమ్ముకోవడానికి వచ్చి అక్కడ చిక్కుకున్నాడు. వాడు రెండు చేతులూ పైకెత్తి "పెలా! పెలా!" అని అరిచాడు. ఆ మాట వినిపిస్తే మనవాళ్లు ఆగాలి. ఎంత కోపంలో ఉన్నా ఆగాలి, ఆగేవాళ్లే, వాళ్లు నాకు తెలుసు. కానీ వాళ్లకి వినపడలేదు. నాకు వినపడింది. నేను ఊదుతూనే ఉన్నాను. వాడి మాట వినపడకుండా ఇంకా గట్టిగా ఊదాను. శంఖం దించి ఉంటే అందరికీ వినిపించేది, వాడు బతికేవాడు అక్కా.

పెలా నిలిచిందని ఊరంతా అనుకుంటోంది. దాన్ని తెంపింది నేను.

అందుకే పాస్టరు బళ్లో చేరాను. అక్కడ అన్నీ చదివాను. నీకు తెలియని పేజీ ఒకటుంది. యెహోషువ నిలబెట్టిన మాటని వందల ఏళ్ల తరవాత సౌలు రాజు తప్పాడు, గిబియోనువాళ్లని చంపాడు. దేశం మీదికి మూడేళ్ల కరువొచ్చింది. కరువు పోవాలంటే ఏం కావాలని అడిగితే గిబియోనువాళ్లు, సౌలు ఇంటివాళ్లని ఏడుగురిని అప్పగించండి అన్నారు. అప్పగించారు. కొండమీద వేలాడదీశారు. మన ఊళ్లో లవంగం మూడేళ్లుగా పూయలేదు కదా. ఎందుకో మీకెవరికీ తెలీదు.

యెరికో భాగం ఎందుకు అడిగానంటే, ఆ రోజు పైకెక్కి ఇది చెప్పేద్దామనుకున్నాను. తరవాత ఆ ముసలాయన "శంఖం ఊదేవాడు వస్తాడా" అని అడిగాడని రాశావు. వాళ్లకి తెలిసిపోయింది. దూలం వంకతో వాళ్లొచ్చేది నా కోసం. నేను దొరక్కపోతే నా ఇంటివాళ్లు, అంటే నువ్వు. అందుకే గుడికి వెళ్లకన్నాను.

తమ్ముడని ఇంకా అనుకుంటే,
ఒబెత్


హతుసిరి, 2005 అక్టోబరు 16

ఒబెత్,

వారం రోజులు నీకు రాయలేదు. రాయాలనిపించలేదు. బళ్లో పిల్లలు శంఖం ఊదుతుంటే లేచి బయటికొచ్చేశాను. నిన్ను నేను పెంచాను, నీకు అన్నం పెట్టిన చేతులతోనే ఇప్పుడు నిన్ను కొట్టాలనిపిస్తోంది, పక్కనుంటే కొట్టేదాన్ని కూడా. ఇద్రిస్ నాకూ తెలుసు. వాడు మన అరుగు మీద కూర్చుని చేపలు తూచేవాడు. వాడి తల్లి సలామా, కొడుకు ఎక్కడ పోయాడో తెలియక ఏడాది పాటు రేవు రేవుకీ తిరిగింది. మన రేవుకి రాలేదు, భయపడి.

ఉత్తరం కాల్చలేదు. రాజుగారికి ఇవ్వలేదు. పోయినసారి ఉత్తరం తప్పుగా అర్థం చేసుకున్నానని మాత్రం చెప్పాను. పంతులమ్మకి చదవడం రాదని సంతలో వెక్కిరిస్తున్నారు, పడుతున్నాను. నేనే పడవ కట్టించుకుని వైసమాల వెళ్లి హాజీ తాహిర్ కాళ్లు పట్టుకున్నాను, రేవులో జరిగినదానికి. "దూలం ఒడ్డున పడుంది, వానలు ముదిరితే పుచ్చిపోతుంది" అన్నాడు, అంతే. నీ గురించి ఎందుకడిగాడో నేను అడగలేదు. ఆయనకి తెలుసో తెలీదో ఆ మొహంలో నాకు దొరకలేదు. నీ సంగతి నేను చెప్పలేదు. అది నా నోట రాకూడదు.

నువ్వు చెప్పిన పేజీ చదివాను. ఏడుగుర్ని వేలాడదీశారని రాశావు. వాళ్లలో ఇద్దరి తల్లి గోనెపట్ట పరుచుకుని, కాకులు రాకుండా, నక్కలు రాకుండా వానలు పడేదాకా అక్కడే కాపలా కూర్చుందని రాయలేదేం? చివరికి రాజు మనసు కదిలింది ఆవిణ్ణి చూశాకే. ఒరేయ్, మనం ఆ పుస్తకం ఎప్పుడు చదివినా యెహోషువ పక్కన నిలబడే చదువుతాం. గోడ లోపల నిలబడి ఒక్కసారీ చదవలేదు. మన యేసు మీద ఒట్టేసి చెప్పు, ఆయన ఆ రోజు తెల్లరాయి కొనకి వచ్చుంటే ఏ పడవలో ఉండేవాడు? పడవలో కాదురా. ఇద్రిస్ పక్కన చేతులెత్తి నిలబడేవాడు.

వాళ్లకిప్పుడు ఎవరినీ వేలాడదీయాల్సిన పనిలేదని నేను నమ్ముతాను. మనందరి బదులూ ఒకడు వేలాడాడు. కానీ అది నువ్వు సేరాంలో దాక్కోవడానికి కాదు. ఆ సిలువ వెనకాల నక్కి కూర్చుంటే నిన్ను ఆయన కూడా క్షమించడు, నేనైతే అసలు క్షమించను.

వెళ్లు. నా దగ్గరికి కాదు, ముందు అక్కడికి. వాళ్లేం చేస్తారో నాకు తెలీదు. భయంగానే ఉంది. అయినా వెళ్లు.

యోసీనా


వైసమాల, 2005 నవంబరు 3, గురువారం

అక్కా,

ఈ ఉత్తరం హాజీ తాహిర్ ఇంటి అరుగు మీద కూర్చుని రాస్తున్నాను. ఆయన మనవడు నీకు తెచ్చిస్తాడు. పడవ దిగినప్పుడు వెనక్కి పారిపోదామని రెండుసార్లు అనిపించింది. ఎవరి చేతిలో ఏముందో చూసుకుంటూ నడిచాను. ఒకడు కొబ్బరి చీల్చే కత్తి పట్టుకుని ఎదురొచ్చాడు, నేను పక్కకి తప్పుకున్నాను. వాడు కొబ్బరి చీల్చుకోవడానికే పోతున్నాడు.

వాళ్లకి తెలీదు అక్కా. ఏమీ తెలీదు. ముసలాయన నా గురించి అడిగింది ఎందుకనుకున్నావు? దూలం ఎక్కించేటప్పుడు ఊదడానికి మనిషి కావాలట. నేను చిన్నప్పుడు బాగా ఊదేవాణ్ణని గుర్తట. అంతే. నేను నోరు మూసుకుని ఉంటే ఎప్పటికీ ఎవరికీ తెలిసేది కాదు. ఒక్క నిమిషం ఆ ఆలోచన కూడా వచ్చింది, నీ దగ్గర దాచను.

చెప్పాను. ముసలాయన దగ్గర, ఇద్రిస్ తల్లి సలామా దగ్గర, వాడి మేనమామల దగ్గర, అందరి ముందూ. మేనమామల్లో ఒకడు లేచి నా చొక్కా పట్టుకున్నాడు. ముసలాయన "కూర్చో" అన్నాడు. వాడు కూర్చోలేదు, కానీ చొక్కా వదిలాడు. సలామా అత్త, "ఎన్నిసార్లు అరిచాడు?" అని అడిగింది. మూడుసార్లు అన్నాను. "మూడుసార్లా" అంది. ఇంకేమీ అడగదేమో అనుకున్నాను.

"ఆ రోజు మీరు చదువుకుని బయల్దేరారంటివే, అదేం చదివారు?" అని అడిగింది. యెరికో కథంతా చెప్పాను. గోడలు, శంఖాలు, ముసలి పసి అందరూ. మధ్యలో ఆగాను, ఆవిడ ఆగనివ్వలేదు, చివరిదాకా చెప్పించింది. మా పంతుళ్లు చెప్పిన మూడు అర్థాలూ కూడా చెప్పాను. ఆ మూడిట్లో ఒక్కటీ ఆవిడ ఎదురుగా నిలబడలేదు అక్కా. నేనే ఆపేశాను.

క్షమించానని అనలేదు. అనదు కూడా అనుకుంటాను. అన్నదిది: "ఆదివారం దూలం వస్తుంది. నా తమ్ముళ్లే మోస్తారు. నేనూ వస్తాను. నువ్వు అదే చదవాలి, ఇంకోటి చదివితే ఒప్పుకోను. ముందర కూర్చుని వింటాను. చదివాక, మీ దేవుడు ఏమన్నాడో నా మొహం చూసి చెప్పు."

మేనమామలు ఇంకా నాతో మాట్లాడటం లేదు. దూలం మోస్తారో లేదో ఆదివారం పొద్దున గానీ తేలదు. మన కుర్రాళ్లకి నా సంగతి తెలిసినప్పుడు ఏమవుతుందో కూడా తెలీదు. రాజుగారికి నువ్వు ముందే చెప్పు, నా ఉత్తరం ఇచ్చెయ్యి.

ముందు బెంచీలో ఆవిడకి చోటుంచు. నువ్వు పక్కనే కూర్చో.

ఒబెత్